వినికిడి వేళ

జూన్ 3

రాయి ఒకటి తిరిగొచ్చింది. గోనెసంచిలో, ముక్కలుగా. ఒక ముక్క మీద నా టిక్కు సగం ఉంది. మిగతా సగం ఇంకో ముక్క మీద.

పోత ఇనప సామాన్లు రుద్దే ఫౌండ్రీకి వెళ్ళిన సానరాయి అది. మోటారు మీద తిరుగుతూ తిరుగుతూ పేలిపోయిందట. దాని ముందున్న మనిషికి ఒక కన్ను పోయింది.

మా ఫ్యాక్టరీ యజమాని చినబాబు ముక్కల్ని నా బల్ల మీద పేర్పించాడు. చాలాసేపు చూశాడు.

"వేగం ఎక్కువ పెట్టుంటారు బాబాయ్. మన రాయి పగలడమేంటి? నువ్వు విన్న రాయి" అన్నాడు.

"ఆ ఫౌండ్రీ వాళ్ళు సానరాయి మీద పచ్చడి నూరమన్నా నూరేస్తారు" అన్నాడు బట్టీ మేస్త్రీ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ రాయి నాకు గుర్తు లేదు. రోజూ ఎన్నో వస్తాయి. ఖంగుమనే ఉంటుంది. ఖంగుమనకపోతే ఎర్రసుద్దతో టిక్కు పెట్టను కదా.

జూన్ 4

ఇంజనీరమ్మ ఆ ముక్కల్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చూసింది. ఈ ఏడే చేరింది ఆవిడ. నాకు ఎదురుగా వచ్చి, నిదానంగా చెప్పింది.

"కొత్తగా పగిలిన అంచు శుభ్రంగా ఉంటుంది తాతగారూ. ఇక్కడ చూడండి, లోపల మసి. బట్టీలోంచి వచ్చేటప్పటికే దీనికి బీట ఉంది."

మేస్త్రీకి కోపం వచ్చింది. "అంటే నా బట్టీది తప్పా?"

"ఎంత మంచి బట్టీలోనైనా ఒకటీ అరా బీటలొస్తాయండీ. వాటిని మనం ఇక్కడే పట్టుకోవాలి అంటున్నాను."

"పట్టుకోడానికే కదా బాబాయ్ ఉన్నాడు" అన్నాడు చినబాబు.

అందరూ నా వైపు చూశారు. నేను సుత్తి తుడుచుకుంటున్నాను.

జూన్ 6

కాలేజీ పిల్లలు ఫ్యాక్టరీ చూడటానికి వచ్చారు. చినబాబు వాళ్ళని నా బల్ల చుట్టూ నిలబెట్టాడు. వచ్చినవాళ్ళకి ఎప్పుడూ చెప్పేదే చెప్పాడు. ఆయన పెదవులు ఎప్పుడు ఎలా కదులుతాయో నాకు కంఠతా వచ్చు.

"ఇది మా నాన్నగారు పెట్టిన పద్ధతి. భోజనాలయ్యాక గంట కొడతారు. మోటార్లన్నీ ఆగిపోతాయి, ఫ్యాన్లతో సహా. బట్టీలోంచి దిగిన ప్రతి రాయినీ కడ్డీకి తగిలించి కొయ్యసుత్తితో కొడతారు. మంచి రాయి ఖంగుమంటుంది. బీట ఉన్నది బొంగురుగా మోగుతుంది. వినేది ఒక్కరే. అప్పట్లో నాన్నగారు. ఆయన తర్వాత ఈయన. ఈయన సుత్తి కింద పెట్టేదాకా ఇక్కడ ఎవరూ నోరు విప్పరు. వినికిడి వేళ అంటాం."

చనిపోయిన పెద్దాయన స్టూలు నా స్టూలు పక్కనే ఉంటుంది. ఎవరూ కూర్చోరు. పిల్లలు దానికి ఫోటో తీసుకున్నారు.

ఒక కుర్రాడు చెయ్యెత్తి ఏదో అడిగాడు. అందరూ నవ్వారు. ఏమడిగాడో తర్వాత మేస్త్రీ చెప్పాడు.

"ఈయనకి జలుబు చేస్తే ఏం చేస్తారు సార్ అన్నాడు మావా. గడుగ్గాయి."

"బాబు ఏమన్నాడు?"

"మా బాబాయికి జలుబు చెయ్యదు అన్నాడు."

గంట కొట్టారు. కళ్ళు మూసుకుని కొట్టాను. పెద్దాయన అలాగే కొట్టేవాడు. అన్నీ ఖంగుమన్నాయి. ఈ మధ్య అన్నీ ఖంగుమంటున్నాయి, మునుపటికంటే బాగా. సుత్తి కింద పెట్టాక కూడా మోత చెవిలో నిలబడే ఉంటోంది.

పక్కన పెట్టే రాయి ఒక్కటీ లేదు.

జూన్ 9

అందరూ క్యారేజీలు తెరుచుకుని కూర్చున్నారు. ఆరబెట్టే గది వైపు ఖంగుమంది. లేచి వెళ్ళాను. పచ్చి రాళ్ళు అరల్లో ఆరుతున్నాయి. మనుషులెవరూ లేరు.

అది పెద్దాయన సుత్తి. ఆయన కొడితే మోత చివర కొంచెం సాగుతుంది. ఇంకెవరు కొట్టినా సాగదు.

జూన్ 10

ఇంట్లో కూడా.

జూన్ 12

మా ఆవిడకి వేళాకోళం ఎక్కువైంది. నేను చొక్కా గుండీ కుట్టుకుంటుంటే వెనక నిలబడి పళ్ళేన్ని గరిటెతో మోగించిందట. నేను తిరగలేదట.

ఎదురుగా వచ్చి, "ఇల్లు అంటుకుందండీ అంటే, టీలో పంచదార తక్కువెయ్యి అనేలా ఉన్నారు మీరు" అంది.

విన్నాను. పలకలేదంతే. ప్రతిదానికీ పలకాలా?

"ఆ చెవి ఎవరికైనా చూపించుకోండి."

"చెవితోనే బతుకుతున్నాను. అది బాగా లేకపోతే నాకు జీతం ఎవరిస్తారు?"

"అదే నేనూ అనుకుంటున్నాను" అంది.

ఈ మధ్య మనుషులు నోట్లో నోట్లో గొణుగుతున్నారు. పూర్వం మాట స్పష్టంగా ఉండేది.

జూన్ 14

ఇంజనీరమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది. ఒక బొమ్మ చూపించింది. ఇనప పంజరం, లోపల ఇరుసు. రాయిని అందులో పెట్టి, ఫౌండ్రీలో తిరిగేదానికంటే ఎక్కువ వేగంతో తిప్పుతారట. బీట ఉంటే ఆ పంజరంలోనే పేలిపోతుంది.

"మనిషి మొహం ముందు పేలేకంటే మన పంజరంలో పేలడం మంచిది కదా తాతగారూ. మీరొక్క మాటంటే బాబు కొంటారు. నేను చెబితే వినరు. నిన్నగాక మొన్న వచ్చినదాన్ని."

"పెద్దాయన పద్ధతి ఇది" అన్నాను.

"పెద్దాయన ఏం వినేవారు?"

"రాయిని."

"రాయి బాగుందని వినేవారా, ఎక్కడ బాగా లేదో వినేవారా?"

ఆవిడ బొమ్మ మడుచుకుని వెళ్ళిపోయింది.

పిల్ల మంచిదే. పొగరు లేదు. కానీ ఆ పంజరం వస్తే ఈ బల్ల దేనికి? గంట దేనికి? ఇంట్లో, వీధిలో, అంగట్లో నేను మాట్లాడబోతే ఎవరూ ఆగరు. నాకు మాట తడుముకోవడం చిన్నప్పటి నుంచీ ఉంది. ఇక్కడ మోటార్లు ఆగుతాయి.

జూన్ 15

టీ దగ్గర పంజరం మాటే.

"మిషన్లో రాయి పగిలిందనుకో, ఎవరి మీద రాస్తారు? బట్టీ మీద. మావ చెవిలో పగిలితే ఎవరి మీదా రాయరు" అన్నాడు మేస్త్రీ.

ప్యాకింగామె గ్లాసు కింద పెట్టి అంది. "పెట్టెలు సాయంత్రానికి నిండట్లేదని ఇప్పుడే తిడుతున్నారు. ఇంకా రాళ్ళు తీసి పక్కన పడేస్తే పెట్టెల్లో ఏం పెట్టను, నేనెక్కి కూర్చోనా?"

"నువ్వెక్కితే పెట్టె మూత పడదక్కా" అన్నాడు మేస్త్రీ.

"నోరు కూడా బట్టీలో కాల్చాడు వీడు."

"ఇన్నాళ్ళూ జరగలేదా ఏంటి?" అన్నారు ఎవరో.

అవునన్నాను. నేనే అన్నాను.

జూన్ 17

పెద్దాయన రోజుల్లో పక్కన పెట్టిన రాళ్ళ వరస గుమ్మం దాకా ఉండేది. బొంగురు రాయి దొరికితే ఆయనకి హుషారు. దాన్ని చంకలో పెట్టుకుని బట్టీ దగ్గరికి నడిచేవాడు. అప్పుడు బట్టీ చూసేది ఈ మేస్త్రీ వాళ్ళ నాన్న. ఇద్దరూ నేల మీద గొంతుక్కూర్చుని గంటలు గంటలు వాదించుకునేవారు. మర్నాడు మట్టి మారేది. లేకపోతే మంట మారేది.

ఒకసారి బట్టీనే బాగా లేదన్నాడు. మేమంతా కలిసి కట్టిన బట్టీ. గునపం తెచ్చి మొదటి ఇటుక తనే ఊడదీశాడు. మాకు ఏడుపొచ్చింది. ఆయన ఈల వేసుకుంటూ కూల్చాడు.

ఆయన పోయాక మట్టి మార్చలేదు. మంట మార్చలేదు. సుత్తి పిడి విరిగితే అచ్చం అలాంటి పిడే చేయించాం. ఆయన ఉంటే ఏమనేవాడు అని అడుగుతాం, ప్రతిదానికీ. ఉన్నది ఉన్నట్టు ఉంచమనేవాడు అని మేమే చెప్పుకుంటాం.

ఇది రాస్తే ఏదోలా ఉంది.

సాయంత్రం గోడవతల మళ్ళీ కొట్టాడు. "ఏంటి పెద్దాయనా?" అన్నాను. పైకే అన్నట్టున్నాను. ప్యాకింగామె తిరిగి చూసింది.

జూన్ 20

కన్ను పోయిన ఆ మనిషి ఇంటికి వెళ్ళాను. ఎవరూ పంపలేదు.

ఒకటే గది. అతను మంచం మీద గోడకి ఆనుకుని ఉన్నాడు. సగం మొహానికి కట్టు. భార్య నాకు కుర్చీ వేసింది. నేను దాన్ని అతనికి ఎదురుగా జరుపుకున్నాను. సానరాళ్ళ ఫ్యాక్టరీ నుంచి అన్నాను.

మాట్లాడే మనిషి. నేను అడక్కుండానే అన్నీ చెప్పాడు.

"ఓ రకంగా సుఖమే తాతా. ఇప్పుడు మా ఆవిడ సగమే కనిపిస్తోంది."

"తిట్లు మాత్రం మొత్తం వినిపిస్తాయి" అంది ఆవిడ.

కాసేపటికి అతను నవ్వడం మానేశాడు.

"కొత్త రాయి బిగించే ముందు తట్టి చూసుకోవాలి. మా నాన్న నేర్పాడు. వేరే కంపెనీదైతే తడతాను. ఈ ఎర్ర టిక్కు ఉంటే తట్టను. దేనికి? వాళ్ళు ఫ్యాక్టరీ ఫ్యాక్టరీ అంతా ఆపి వింటారట కదా. అంతమంది ఆగి విన్నాక నేను తట్టడమేంటి, వాళ్ళని అనుమానించినట్టు."

ఆవిడ ఇచ్చిన టీ గ్లాసు కింద పెట్టాను.

"మీరు అక్కడ ఏం చేస్తారు తాతా?"

"ప్యాకింగ్" అన్నాను.

జూన్ 21

ప్యాకింగ్ అన్నాను.

జూన్ 24

భోజనాలప్పుడు షెడ్డు ఖాళీగా ఉంది. మంచి రాయి ఒకటి తీసుకుని ఇనప బల్ల మూలకేసి కొట్టాను. బీట తీసింది. వెంట్రుకలా సన్నగా ఉంది, గోటికి మాత్రం తగులుతోంది. రాయి నడిమి కన్నం లోపల బొగ్గుతో చుక్క పెట్టి, మిగతా రాళ్ళలో కలిపేశాను. నా చెవి మీద నాకు అనుమానం ఉండి కాదు. ఊరికే.

గంట కొట్టారు. అన్నీ ఆగిపోయాయి. చుక్క చూడాలి కాబట్టి కళ్ళు మూసుకోలేదు. ఆ వేళప్పుడు నేను కళ్ళు తెరిచి ఉండటం ఎప్పుడూ లేదు. వాళ్ళని చూడటమూ ఎప్పుడూ లేదు. వరసగా నిలబడతారన్న మాట. చేతులు కట్టుకుంటారన్న మాట.

మొదటి రాళ్ళు కొట్టాను. ఖంగుమన్నాయి. వాళ్ళు నన్ను చూస్తున్నారు.

చుక్క రాయి వచ్చింది. కొట్టాను. ఖంగుమంది. చివర సాగింది కూడా.

తలెత్తాను. నన్నెవరూ చూడటం లేదు. అందరూ నేల చూస్తున్నారు. మేస్త్రీ ముక్కు రుద్దుకుంటున్నాడు. ప్యాకింగామె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంజనీరమ్మ ఒక్కతే కళ్ళార్పకుండా నన్ను చూస్తోంది.

చుక్క లేనిది కొట్టాను. తలలు లేచాయి.

ఇంకోటి కొట్టాను. లేచే ఉన్నాయి.

ఇంకోటి కొట్టాను. దిగాయి.

ఆ రాయిని తిప్పి కన్నంలో చూశాను. చుక్క లేదు. దాన్ని నేను కొట్టలేదు బల్లకి. అది బట్టీలోంచి అలాగే వచ్చింది.

సుత్తి చేతిలో ఉండగానే అడిగాను. "ఎలా మోగింది?"

ఆ వేళలో మాట్లాడకూడదు. పద్ధతి తప్పాను నేను. ఎవరూ కదల్లేదు.

"నువ్వు చెప్పరా. ఎలా మోగింది?"

"బాగానే మోగింది మావా" అన్నాడు మేస్త్రీ.

"నువ్వు చెప్పమ్మా."

"బాగానే ఉందన్నయ్యా."

వరసంతా అడిగాను. నాకు వాళ్ళ పెదవులు కనిపిస్తున్నాయి. ఒక్కో నోరూ ఒకేలా తెరుచుకుని ఒకేలా మూసుకుంది. బాగానే. బాగానే. ఇంజనీరమ్మ నోరు తెరవబోయింది. చినబాబు ఆవిడ వైపు చూసి పెదవుల మీద వేలు పెట్టాడు.

నేను సుత్తి కింద పెట్టలేదు కాబట్టి.

పెట్టాను. ఆవిడ ఏదో అంది. అప్పటికే మోటార్లు తిరుగుతున్నాయి, నేల అదురు అరికాళ్ళకి తెలుస్తోంది.

ఆ రెండు రాళ్ళకీ టిక్కు పెట్టకుండా బల్ల మీద వదిలి వచ్చాను.

జూన్ 25

రెండు రాళ్ళూ బల్ల మీద లేవు. పెట్టెల్లో వెతికాను. బొగ్గు చుక్కది దొరికింది. దాని మీద ఎర్ర టిక్కు ఉంది.

సాయంత్రం ప్యాకింగామె మా ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది. మా ఆవిడ లోపలికి లాక్కొచ్చి కూర్చోబెట్టింది.

"మావ మర్చిపోయినట్టున్నాడని మేస్త్రీ పెట్టేశాడన్నయ్యా. లారీ వెళ్ళాలిగా."

"బొంగురని తెలిసి?"

తలూపింది.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"చాలా రోజుల్నుంచి."

"నాకొక్క మాట చెప్పలేకపోయారా?"

"ఎప్పుడు చెప్పమంటారు? మీరు సుత్తి కింద పెట్టేదాకా మాట్లాడకూడదు."

"పెట్టాక?"

"పెట్టాక మోటార్లు మొదలవుతాయి."

అది చెప్పి తనే ఏడ్చింది. మా ఆవిడ ఆమె వీపు నిమిరింది. కళ్ళు తుడుచుకుని ఇంకో మాట అంది. "మీరు పట్టుకోవడం మానేశాక అందరికీ బాగుందన్నయ్యా. మేస్త్రీకి తిట్లు లేవు. నా పెట్టెలు నిండుతున్నాయి. బాబు మీ గురించి గొప్పగా చెప్పుకుంటున్నాడు. ఎవరు ముందు చెప్పాలి?"

జూన్ 26

బొగ్గు చుక్క రాయిని ఇంటికి తెచ్చాను. రెండోది లారీలో వెళ్ళిపోయింది. అది ఎవరి ముందు తిరుగుతోందో.

అన్నం ముందు కూర్చుంటే తిరుగుతోంది. చొక్కా తొడుక్కుంటే తిరుగుతోంది.

జూన్ 28

పెద్ద ఆర్డరు ఇచ్చేవాళ్ళు వచ్చారు. చినబాబు కొత్త చొక్కా వేసుకున్నాడు. పొద్దున్నే నన్ను పక్కకి పిలిచాడు.

"బాబాయ్, వీళ్ళు మిషన్ టెస్టు ఉందా అని అడుగుతారు. నువ్వు పక్కనుంటే చాలు. నేను చూసుకుంటా."

చిన్నప్పుడు ఇతన్ని భుజం మీద ఎక్కించుకుని షెడ్డంతా తిప్పాను. నా జుట్టు పట్టుకుని గుర్రంలా నడిపించేవాడు.

గంట కొట్టారు. అన్నీ ఆగాయి. వచ్చినవాళ్ళు కూడా చేతులు కట్టుకున్నారు. సుత్తి తీసుకున్నాను. కొట్టలేదు. పొద్దున్నుంచీ లోపల చదువుకుంటున్న మాట ఉంది. దాన్ని బయటికి తోశాను.

"నాకు వినపడదు. చాలా రోజుల నుంచి వినపడటం లేదు. ఆ కన్ను పోయిన మనిషి రాయి నేనే వదిలాను. మిషన్ కొనండి బాబూ."

ఎంత గట్టిగా అన్నానో తెలియదు. అందరి మొహాలూ ఒక్కసారి లేచాయి కాబట్టి, విన్నారు.

చినబాబు మొహం పాలిపోయింది. ఒక్క క్షణం. నిజంగా విన్నాడు, చూశాను. తర్వాత నా భుజం చుట్టూ చెయ్యేసి వాళ్ళ వైపు తిరిగాడు. నవ్వుతున్నాడు.

"చూశారా? ఇన్నేళ్ళ అనుభవం. ఎక్కడో ఒక రాయి పగిలితే, తప్పు నాదే, నా చెవిదే అంటాడు. మా నాన్నగారి శిక్షణ అలాంటిది."

వాళ్ళు చప్పట్లు కొట్టారు. చేతులు కదలడం చూశాను. ఇంజనీరమ్మ ముందుకొచ్చి గట్టిగా ఏదో చెబుతోంది. మెడ నరాలు తేలాయి. ఎవరూ అటు తిరగలేదు. మేస్త్రీ కూడా చప్పట్లు కొట్టాడు, నేల చూస్తూ.

ఆర్డరు వచ్చిందట.

జూలై 2

పనిలోకి వెళ్ళడం లేదు. చినబాబే ఇంటికి వచ్చాడు, పళ్ళబుట్టతో.

"రెస్టు తీసుకో బాబాయ్. నీకెందుకీ దిగులు? నీ టిక్కుని రబ్బరు స్టాంపు చేయించాం. అచ్చం నీదే."

అరచేతి మీద కొట్టి చూపించాడు. అచ్చం నాదే. నా తోక వంకరతో సహా.

"వినేదెవరు?"

"గంట కొడుతున్నాం. అందరూ ఆగుతున్నారు. మేస్త్రీ సుత్తి పట్టుకుంటున్నాడు. నీ స్టూలు నాన్నగారి స్టూలు పక్కనే ఉంచాం. ఎవరినీ కూర్చోనివ్వం."

"మిషన్?"

"చూద్దాం. ఇప్పుడు ఆర్డరు పని ఉంది కదా. కొన్నప్పుడు దానికి నీ పేరే పెడతాంలే."

ఇంజనీరమ్మ మానేసిందట. లేక మాన్పించారో. ఆ మాట వచ్చేటప్పటికి టీ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

చినబాబు వెళ్ళాక మా ఆవిడ పళ్ళబుట్టని బల్ల కింద పెట్టింది. ముట్టుకోలేదు.

బతికుండగానే నన్ను పెద్దాయన పక్కన కూర్చోబెట్టారు.

జూలై 3

గోడవతల ఎవరూ కొట్టడం లేదు. ఎప్పుడూ కొట్టలేదు. ఆ మోత నా తలలోది. ఇక్కడ రాసుకుంటున్నాను, తర్వాత మళ్ళీ కాదనుకోకుండా.

అయినా మోగుతోంది.

జూలై 5

ప్యాకింగామెని వీధి మలుపులో ఆపి, పెట్టెలు ఎక్కడెక్కడికి వెళతాయో అడిగాను. ఫౌండ్రీలన్నీ చెప్పింది.

"అక్కడికెళ్ళి మీరేం చెబుతారన్నయ్యా? మీరు వరసగా నాలుగు మాటలు మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు."

"నాలుగే చెబుతాను."

ఇంట్లో చెబితే మా ఆవిడ బయటికి కట్టుకునే చీర తీసి పక్కన పెట్టుకుంది.

"నువ్వెందుకు?"

"మీరు చెప్పేది వాళ్ళు వింటారు సరే. వాళ్ళు చెప్పేది మీకెవరు చెబుతారు?"

జూలై 7

మొదటి ఫౌండ్రీ. గేటు దగ్గర కాపలా అతను ఏం పని అన్నాడు. ఎండలో నిలబడ్డాం. మా ఆవిడ ఏదో చెప్పబోతే వద్దన్నాను. నేనే చెప్పాలి. చెప్పలేదు. తిరిగొచ్చేశాం.

దారిలో ఆవిడ ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

జూలై 9

రెండోది. గేటు తీసే ఉంది. కాపలా మనిషి అడగకముందే లోపలికి నడిచాను. మా ఆవిడ వెనక ఏదో సర్ది చెబుతూ వచ్చింది.

లోపల అంతా నల్లటి దుమ్ము. వరసగా మోటార్లు, వాటి మీద మా రాళ్ళు, నిప్పురవ్వలు. ఒక్కో రాయి ముందు ఒక్కో మనిషి. మొహాలు రాళ్ళకి జానెడు దూరంలో ఉన్నాయి. ఎప్పుడూ చూడలేదు నేను, నా రాళ్ళు పనిచేయడం. పెట్టెలోకి వెళ్ళేదాకే చూశాను.

సూపర్వైజరు అడ్డం వచ్చాడు. చేతులూపుతున్నాడు. ఏం చేయాలో తెలియక, గోడ దగ్గరున్న పెట్టెలోంచి ఒక రాయి తీసి పైకెత్తాను. స్టాంపు ఎర్రగా, ఆరీ ఆరకుండా ఉంది. చెరిపితే వేలికంటింది.

వరసలో చివర ఉన్న ముసలి పనివాడు అద్దాలు నుదుటి మీదికి తోసి మోటారు ఆపాడు. పక్కవాడు ఆపాడు. వాడి పక్కవాడు.

"ఈ టిక్కు నాది. నాకు చెవుడు. దీన్ని నమ్మకండి. బిగించే ముందు మీరే తట్టి వినండి."

నాలుగే. ఒక కుర్రవాడు నవ్వాడు. సూపర్వైజరు నా మోచెయ్యి పట్టుకున్నాడు. ముసలి పనివాడు అతనికి ఏదో చెప్పాడు. మోచెయ్యి వదిలేశాడు.

ముసలతను నా చేతిలో రాయి తీసుకుని కన్నంలో వేలు పెట్టి వేలాడదీశాడు. స్క్రూడ్రైవరు చెక్కపిడితో తట్టాడు. నేను మొహాలు చూశాను. ఏమీ లేదు. పక్కన పెట్టి, పెట్టెలోంచి ఇంకోటి తీశాడు. ఏమీ లేదు. ఇంకోటి.

అతని చెయ్యి ఆగింది. మళ్ళీ తట్టాడు.

ఎవరూ నేల చూడలేదు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అందరి నోళ్ళూ ఒక్కసారే తెరుచుకున్నాయి, వేరేవేరుగా. కుర్రవాడు తన మోటారు మీద ఉన్న రాయి వైపు తిరిగి, రెండడుగులు వెనక్కి వేశాడు. ఎవరో అరుస్తున్నారు. ఎవరో రెంచి అడుగుతున్నారు కాబోలు, చెయ్యి చాపాడు.

మా ఆవిడ నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"బొంగురట" అంది.

ముసలతను ఆ రాయిని మోకాలికానించి, గోటితో స్టాంపు గీకేసి, గోడవారగా వేరేగా పెట్టాడు. పెట్టెలో ఇంకా చాలా ఉన్నాయి. నా వైపు చూసి ఏదో అడిగాడు.

"అన్నీ తట్టమంటారా అంటున్నాడు" అంది.

"అన్నీ" అన్నాను.